కాలిందా, కాల్చినవా

ముహర్రక్‌ల చేపల బజారు వెనుక గల్లీ, మా లాండ్రీ.
శుక్రవారం పగటిపూట షటరు సగం దించి
జోసెలిన్ నాకు ఇంగ్లీషు చెప్తది,
పనికిరాని బిల్లు కాయితాల వెనుక.

"లింబాద్రీ, అయిపోయిన పనికి
చివర ఒక ఈ, ఒక డీ. అంతే."

అంతేనా?
మా దిక్కు అయిపోయిన పనికి తోక ఉంటది:
ఉతికిన, ఉతికినవ్, ఉతికిండు, ఉతికింది, ఉతికిండ్రు.
తోక పట్టుకుంటే మనిషి దొరుకుతడు.
ఇక్కడ నేను వాష్‌డ్, నువ్వు వాష్‌డ్,
బకెట్ ఎన్నడూ ముట్టని సేటు గూడ వాష్‌డ్.

రాసుడు ఒక్క తీరు, పలుకుడు మూడు తీర్లు.
వాష్‌కు ట్, తడి బట్ట బండ మీద పడ్డట్టు.
ఐరన్‌కు డ్, పెట్టెను బల్ల మీద దించినట్టు.
ఫోల్డ్‌కు ఇడ్. దానికొక మడత ఎక్కువ.
"కాయితం చూడకు, నోట్లె వేసుకొని చూడు" అంటది.
ఆమె భాషల పోయిన కాలం
చివరన కూసోదట,
మాట నడుముల చొరబడ్తదట.

రిన్స్‌కు ఈ ఉండనే ఉన్నది, డీ ఒక్కటి పడేస్తే చాలు.
డ్రాప్‌కు పీ రెండుసార్లు,
గుండీ ఊడకుండ దర్జీ డబల్ కుట్టేసినట్టు.
డ్రై కాడ మాత్రం నవ్వొచ్చింది.
ఆరేసరికి వై ముడుచుకపోయి ఐ అయింది,
నూలు బట్ట తీరు.
ఏ లెక్కకూ లొంగని మాటలు వేరే ఉన్నయట.
"వాటి జోలికి ఇప్పుడే పోకు."

ఆగస్టుల ఒకనాడు కరెంటు పోయి, వచ్చింది.
పెట్టె కింద తెల్ల తోబు.
రొమ్ము కాడ అరచెయ్యంత మరక,
ముదిరిన పాకం రంగు.
సూపర్‌వైజర్ షుకూర్ సాబ్ కాయితం ముందట పెట్టి
"ఏమైందో రాయి" అన్నడు.
నేర్చిన చదువు అక్కరకొచ్చిందని
సంబురంగ రాసిన, నిజంగ సంబురంగనే:
ఐ ఐరన్‌డ్ తోబ్. బర్న్‌డ్.
స్పెల్లింగుల ఒక్క తప్పు లేదు.

నా లెక్కల అది కాలింది.
ఆయన లెక్కల నేను కాల్చిన.
మా మాటల ఆ రెంటి నడుమ ఒక చ ఉంటది,
మనిషి పక్కకు జరిగి నిలబడేంత సందు.
ఇంగ్లీషుల ఆ సందు కుట్టేసి ఉన్నది.
పద్దెనిమిది దినార్లు కోత.

ఆ రాత్రి జోసెలిన్ ఏమనలేదు.
గల్లాపెట్టె మూసి, బిల్లు తిప్పి రాసింది:
ఐ డిడ్ నాట్ బర్న్.
బర్న్‌కు ఈడీ ఏది, మర్చిపోయినవా అన్న.
"అక్కర లేదు. బరువు డిడ్ మోస్తది.
బర్న్ మళ్ల ఉత్తగనే."
మళ్ల ఉత్తగనే.
కాలకముందటి తోబు తీరు అనుకున్న.

పండుకొని, మన మాటల చెప్పుకుంట పోయిన.
నేను కాల్చలేదు. నువ్వు కాల్చలేదు.
ఆయన కాల్చలేదు. వాళ్లు కాల్చలేదు.
అరె!
మా తోకలు గూడ ఈడికొచ్చి ఊడిపోతున్నయి.
యాభై ఏండ్లకు దగ్గరపడ్డ, ఎన్నడూ చూసుకోలే.
లేదు అనే కాడ మా భాష, వాళ్ల భాష
ఒక్క తీగె మీదనే బట్టలారేసుకుంటయి.
పైబెర్తు మీది మల్లేశం లేచి
"ఏం లేదంటున్నవే, నిద్రల?" అన్నడు.

పైసలు వాపసు రాలే.
రెండో కాయితం ఏ ఫైల్ల పడ్డదో.

మొన్న కొత్త పిల్లగాడు దిగిండు,
సిరాజ్‌గంజ్ నుంచి, షమీమ్.
వాని హిందీ అర, నా హిందీ అర,
తక్కింది చేతులు మాట్లాడుతయి.
"భయ్యా, అంగ్రేజీ?" అని అడిగిండు.
బిల్లు తిప్పిన. పెన్ను మూత పండ్ల నడుమ పెట్టుకొని
మొదటి పాఠం ఏదని చాలాసేపు ఆలోచించిన.
ఆవిరి పెట్టె బుస్సుమంటున్నది.
ఈడీ సంగతి వచ్చే శుక్రవారం చెప్తరా అని
పెద్దక్షరాలల్ల
డిడ్ నాట్ రాసిన.

వాడు "నట్" అన్నడు.
నడుస్తది, ఇంకోసారి అను, అన్న.